అకీకు కల్వంలో తెల్ల రవ్వ

దిష్టి సంగతి నాకు తెలియదు గానీ తల్లీ, గీత మాత్రం నీ దండ మీద అంత తేలిగ్గా పడదు. ఎగ్జిబిషన్‌లో కొన్నానని ఫోన్లో చూపించావే, నీలం అకీకు పూసల దండ, మీరు అగేట్ అంటారే ఆ రాయిది, అది వేసుకుంటే దిష్టి తగలదని కొట్టువాడు చెప్పాడన్నావు. అంత ముదురు నీలంలో అకీకు నేలలో పుట్టగా నేను చూడలేదు. అది రంగు తాగిన రాయి. చూడ్డానికి గట్టిగా ఉన్నా దాని ఒంట్లో కంటికి కనిపించని సందులుంటాయి. రంగునీళ్ళలో నానబెడితే మెల్లమెల్లగా పీల్చుకుంటుంది. అలాగని పారేయకు. రంగు అద్దినదే అయినా రాయి అసలుదే. వేసుకో.

నీ తమ్ముడు పక్కనుంచి, "అమ్మమ్మకు రాళ్ళ గురించి ఇంత ఎట్లా తెలుసు?" అని అరిచాడు కదా. వాడికీ కలిపే చెబుతున్నాను. ఇద్దరూ ఉద్యోగాల్లోకి వెళ్ళబోయే వయసుకు వచ్చారు. నేను బాగా చేసిన పనులు కొన్ని ఉన్నాయి, అవి మీ అమ్మ చెబుతుంది. నేను చెప్పేది, మరీ బాగా చేయడమే తప్పయిన ఒక పని గురించి.

కంచన్‌బాగ్ వెళ్ళే దారిలో అప్పట్లో ఒక చిన్న పరీక్షల ల్యాబ్ ఉండేది. ఇప్పుడు లేదు, ఆ స్థలంలో ఫంక్షన్ హాలు లేచింది. చిన్న చిన్న కార్ఖానాలవాళ్ళు తమ సరుకులో ఏమేం ఉందో తెలుసుకోవడానికి రాళ్ళు, రవ్వలు, బట్టీల్లోంచి తీసిన చిట్టెం పొట్లాలు కట్టి పంపేవారు. పరీక్ష చేసి సంతకం పెట్టేది మేడం. అంతకు ముందు వాటిని మైదాపిండిలా నూరి ఇచ్చేది మేమిద్దరం, నేనూ, నాకన్నా చిన్నదైన ఇంకొకామె. నేను ఆమెను చెల్లె అనేదాన్ని, ఆమె నన్ను అక్కా అనేది. మాదన్నపేట నుంచి ఇద్దరం ఒకే ఆటోలో వెళ్ళేవాళ్ళం.

పనిలో చేరిన మొదటి రోజు మేడం నా రెండు చేతుల్లో ఒక గిన్నె పెట్టింది. దోసిలి పట్టేంత ఉంది. బూడిద రంగు, దాంట్లో తేనె రంగు చారలు, చెట్టు మానును అడ్డంగా కోస్తే కనిపించే వలయాల్లాగా. లోపలివైపు అద్దంలా నున్నగా ఉంది. ట్యూబ్‌లైట్ అందులో కనబడుతోంది.

"ఇది అకీకు కల్వం. దీంట్ల దంచొద్దు, నూరాలె. వేడినీళ్ళు పోయొద్దు, ఓవెన్‌ల పెట్టొద్దు, పగుల్తది," అంది మేడం.

"కింద వడితే?" అని అడిగాను.

"కింద వడితే నువ్వు ఇటు నుంచి, నేను అటు నుంచి ఇంటికి వోవుడే."

ఆ కల్వం మీద నాకు మొదటి రోజే మనసు పడింది. ఇనుప రోట్లో నూరితే పొడిలో ఇనుము కలుస్తుంది. పింగాణీలో నూరితే పింగాణీ రాలుతుంది. అకీకు తనది ఏమీ ఇవ్వదు, ఎదుటిది ఏమీ ఉంచుకోదు. బొగ్గు నూరి కడిగి, వెంటనే సున్నం నూరినా ఒక్క నల్ల చుక్క కనిపించదు. ఈ మాట మేడం చెబితే చెల్లె, "గిసొంటి మనిషి దొరికితే అప్పుడే లగ్గం చేసుకుందును మేడం," అంది. అప్పటికే దానికి ఇద్దరు పిల్లలు.

మీకు కుతూహలం ఉంటుందని చెబుతున్నాను. వికారాబాద్ అవతల నుంచి మహారాష్ట్ర దాకా నల్లరాతి నేల ఉంది కదా, అది ఒకప్పుడు కరిగి పారిన రాయి. చల్లారేటప్పుడు లోపల గాలి బుడగలు మిగిలిపోయాయి. ఆ బుడగల్లోకి నీళ్ళు ఇంకి, నీళ్ళతో వచ్చిన సన్నని సరుకు గోడలకు పట్టి, పొర మీద పొర పేరుకుంటే అది అకీకు. ఆ సన్నని సరుకు ఏంటనుకున్నారు? ఇసుకలో ఉండేదే. సిలికా అంటారు. మూసీలో ఇసుకా, పూజలో పెట్టే స్ఫటికమూ, ఉంగరంలో అకీకూ ఒకే ఇంటి పిల్లలు. ఒకరు వీధిలో తిరిగి అరిగారు, ఒకరు ఇంట్లో కూర్చుని మెరిశారు. కొత్తగా ఎవరు వచ్చినా ఈ మాట నేను గర్వంగా చెప్పేదాన్ని. గుర్తుంచుకోండి, నాకు ఈ సంగతి నోటికి వచ్చు.

మా పాత త్రాసు కూడా అకీకు అంచు మీదే ఊగేది. ఏళ్ళ తరబడి ఊగినా ఆ అంచు మొండిబారదు కాబట్టి. పాత దిబ్బలు తవ్వితే మనుషుల ఎముకలు మట్టిలో కలిసిపోయి ఉంటాయట, వాళ్ళ మెడలోని అకీకు పూసలు మాత్రం నిన్న గుచ్చినట్టు దొరుకుతాయట. మేడం ఇది చెప్పిన రోజు నేను కల్వాన్ని ఇంకో రెండుసార్లు ఎక్కువ కడిగాను.

ఇక నా గర్వం గురించి. మా అమ్మ శనగపప్పు రుబ్బినా, గోరింటాకు నూరినా వేళ్ళ మధ్య పలుకు తగలకూడదు. తగిలితే మళ్ళీ రోట్లో వేసేది. నాదీ అదే చెయ్యి. మేడం "సన్నగా నూరితే చాలు" అంటే నేను ఇంకో అరగంట తిప్పేదాన్ని. చెల్లె వేరు. పది నిమిషాలు తిప్పి, "ఇగ అయిపాయె" అని లేచేది. నా పొడి చూసి, "అక్కా, ఇది టెస్టుకా, మొఖానికి పూసుకునేటందుకా?" అనేది. మేడం నా పొడిని చెల్లెకు చూపించి, "పని నేర్చుకో," అనేది. నేను తల దించుకుని లోలోపల మురిసిపోయేదాన్ని.

మాకు పొట్లాలు పంపేవాళ్ళలో మూసలు చేసే చిన్న కార్ఖానా ఒకటి ఉండేది. మూసలంటే కరిగిన లోహం పోసుకునే గిన్నెలు. అల్యూమినా అనే తెల్ల రవ్వను బట్టీలో కాల్చి వాటిని తయారు చేస్తారు. ఆ రవ్వలో ఇనుము ఎంత ఉందో చూడమని ఏళ్ళుగా మాకు పంపేవారు. అకీకులో నూరితే ఇనుము కలిసే భయం లేదు కాబట్టి దాంట్లోనే నూరేవాళ్ళం. ఏ గొడవా లేదు. ఒక ఏడు వాళ్ళకు కొత్త కొనుగోలుదారు దొరికాడు. ఇనుముతో పాటు సిలికా కూడా చూడాలి, ఇంతకు మించి ఉంటే సరుకు వాపసు, అని షరతు పెట్టాడు. ఆ షరతు మీద వచ్చిన మొదటి పొట్లం చెల్లె నూరింది. రిపోర్టు బాగా వచ్చింది. తర్వాత చెల్లె వాళ్ళ ఆడబిడ్డ పెళ్ళికని సెలవు పెట్టింది. రెండో పొట్లం నేను నూరాను. సిలికా గీత దాటింది.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం గేటు దగ్గర చాయ్ తాగుతుంటే ఒకాయన వచ్చాడు. నలభై ఐదేళ్ళు ఉంటాయేమో. కనుబొమలు కాలి సగమే ఉన్నాయి, బట్టీ ముందు పని చేసేవాళ్ళకు అలాగే ఉంటాయి. చేతిలో మా రిపోర్టు జిరాక్స్.

"అమ్మా, రవ్వ నూరేది నువ్వేనా?"

"నేనే అన్నా. ఏం గావాలె?"

"నేను గా మూసల కార్ఖానాల బట్టీ మేస్త్రీని. మా రవ్వల ఇసుక ఉన్నదని వచ్చిందంట. మా సేట్ నన్ను వట్టుకున్నడు. మొదటి సరుకు మంచిగుండె, రెండోది ఎట్ల ఖరాబయింది, అసలు సరుకు బయట అమ్ముకొని ఇసుక కల్పినవ్ అంటున్నడు." ఆయన గొంతు పెంచలేదు. "పదిహేడేండ్ల సంది చేస్తున్న. ఒక్క పలుకు కల్పలేదమ్మా. మీ కాడ ఏమన్న కలిసిందేమో ఒక్కపారి చూడుండ్రి."

నాకు కోపం రాలేదు. అంతకంటే చెడ్డది వచ్చింది. జాలితో కూడిన ధీమా. మెల్లగానే అన్నాను, మీ తాత నన్ను జీవితమంతా మెత్తని గొంతుదానివి అనేవారు.

"మా గిన్నె అకీకుది అన్నా. అండ్లకెళ్ళి ఏం రాదు. నా చేతిల ఏం కలువదు."

ఆయన నా చేతుల వంక చూశాడు. "నీ చేతిని అంటలేనమ్మా. ఇంకోపారి నూరి చూడుండ్రి, గంతే. మళ్ళ గట్లనే వస్తే నేనేం మాట్లాడ."

మేడంను అడిగాను. ప్రతి పొట్లంలో సగం తీసి నెంబరు వేసి దాచిపెట్టడం మా పద్ధతి, కాబట్టి రవ్వ ఉంది. మేడం సరే అంది. ఆయనకు న్యాయం చేయాలని, తల్లీ, ఆ రోజు నేను ఎన్నడూ నూరనంత శ్రద్ధగా నూరాను. మోచేయి నొప్పి పుట్టేదాకా, పొడి వేళ్ళ మధ్య ఉందో లేదో తెలియనంత మెత్తగా నూరాను. మధ్యలో లేచి నీళ్ళు కూడా తాగలేదు.

సిలికా ఇంకా ఎక్కువ వచ్చింది.

ఆయన మళ్ళీ వచ్చాడు. నేనే గేటు దాకా వెళ్ళి చెప్పాను. లొల్లి చేస్తాడనుకున్నాను. చేయలేదు. తన రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు.

"రెండుసార్లు గట్లనే వచ్చిందంటే ఉన్నట్టే గదా అమ్మా. బట్టీ గోడ రాలి కలిసిందో, తట్టలకెళ్ళి వచ్చిందో. నాకే తెల్వకుంట నా చేతులకెళ్ళే కలిసిందేమో."

"ఫికర్ చెయ్యకు అన్నా, చూసుకో," అన్నాను.

ఆ వారంలోనే ఆయన్ని పనిలోంచి తీసేశారని పొట్లాలు తెచ్చే మనిషి చెప్పాడు.

కల్వం మెరుపు ఏళ్ళుగా మెల్లగా తగ్గుతూనే ఉంది, ఇప్పుడు పూర్తిగా పోయింది. లోపల ట్యూబ్‌లైట్ కనబడటం మానేసింది. వేలు పెట్టి రాస్తే పిల్లి నాలుకలా గరగర. కొత్తది తెప్పించాలంటే నెలలు పడుతుంది, ఇక్కడే మెరుగు పెట్టించగలరేమో చూడమంది మేడం. మా ఆటో అన్న చెప్పాడు, యునానీ దవాఖానాల్లో ముత్యాలు నూరే కల్వాలకు మెరుగు పెట్టే ఉస్తాద్ ఒకాయన హుస్సేనీ ఆలంలో ఉన్నాడని. వాళ్ళ అమ్మకు గుండెదడకు ఇచ్చే ముత్యాల లేహ్యం ఆ కల్వాల్లోంచే వస్తుందట.

ఆదివారం పొద్దున కల్వాన్ని ల్యాబ్‌లో నేను తుడుచుకునే గుడ్డలోనే చుట్టి తీసుకెళ్ళాను. సన్నటి సందు, పచ్చ తలుపు, లోపల మోటారుకు బిగించిన సాన చక్రం. ఉస్తాద్‌కు డెబ్బై దాటి ఉంటాయి. కళ్ళజోడు తాడుతో కట్టుకున్నాడు. కల్వాన్ని గుడ్డలోంచి తీయగానే పని మాట వదిలేసి దాన్ని వెలుగులో పట్టుకుని చూశాడు.

"మాషా అల్లా. బైఠో బేటీ. గింత పెద్ద ముక్క, ఒక్క చీలిక లేదు. యే ఆజ్‌కల్ నై మిల్తా, ఈ కాలంల దొర్కదు."

నాకు చాయ్ తెప్పించి, తన బిస్కెట్ డబ్బా తెరిచాడు. అందులో రాళ్ళు. కాలేయం రంగుది తీసి, ఇది యెమెనీ, వాళ్ళ పెద్దలు ఎంతో గౌరవంతో పెట్టుకునే ఉంగరపు రాయి అన్నాడు. నల్లటి దానికి తెల్లటి నడికట్టు ఉన్నది సులేమానీ. పాలలాంటిది దూదియా. వాళ్ళ తాత ఈ రాళ్ళ మీద పేర్లు తిరగేసి చెక్కి మొహర్లు, అంటే ముద్రలు, చేసేవాడట. అకీకును ఆయన హకీక్ అనేవాడు.

"మొహర్‌కు హకీకే కైకు, తెలుసా బేటీ? వేడి లక్క దీనికి అంటదు. వేరే రాయైతే లక్క వట్టుకుంటది, అచ్చరం చెడ్తది. కాయితం మీద మెరుపు దెచ్చేది గిదే, బంగారం రేకు నున్నగ రుద్దేది గిదే."

అన్నిటికన్నా చివర ఒక చిన్న బిళ్ళ తీసి భూతద్దం ఇచ్చాడు. లోపల ఒక చెట్టు. కొమ్మలు, రెమ్మలు, కింద గడ్డి కూడా. ఎవరూ గీసింది కాదు. దాన్ని షజరీ అంటారు. నిండు పున్నమి నాడు నది ఒడ్డున పడున్న రాయి మీద వెన్నెల పడితే, అప్పుడు పక్కన ఏ చెట్టు ఉంటే ఆ చెట్టు లోపలికి దిగిపోతుందట. మేడం అయితే వేరే ఖనిజం సందుల్లోకి ఇంకి అలా పరుచుకుంటుంది అంటుంది. రెండూ విన్నాను. భూతద్దం కంటికి ఆనించి ఉన్నంతసేపూ ఉస్తాద్ చెప్పిందే నిజమనిపించింది.

"హకీక్ వెట్టుకుంటే గుస్సా తగ్గుతదంటరు, నిజమేనా ఉస్తాద్‌జీ?" అని అడిగాను.

"మా ఇంట్ల ఆమెకు మూడు ఉంగరాలు చేసిచ్చిన. ముప్పై ఏండ్ల సంది చూస్తున్న," అన్నాడు గొంతు తగ్గించి. లోపలినుంచి గాజుల చప్పుడు వినబడింది.

అప్పుడు కల్వం లోపల వేలు పెట్టాడు. నవ్వు పోయింది. కళ్ళజోడు పైకి తోసి, భూతద్దంతో అడుగంతా చూశాడు.

"ముత్యం నూరితే గిట్ల గాదు. పగడం నూరినా గాదు. ఇండ్ల ఏం నూరిన్రు?"

"తెల్ల రవ్వ ఉస్తాద్‌జీ. అల్యూమినా అంటరు."

ఆ పేరు ఆయనకు తెలియదు. నేను కల్వం చుట్టి తెచ్చిన గుడ్డ అందుకుని దులిపాడు. బల్ల మీద కొంచెం తెల్లపొడి రాలింది. వేళ్ళ మధ్య నలిపాడు. పక్కనున్న అకీకు ముక్క ఒకటి తీసి, ఆ పొడి మీద పెట్టి బొటనవేలితో నాలుగుసార్లు రుద్ది నాకు చూపించాడు. మెరుస్తున్న చోట మసక పడింది.

"అరే బేటీ! యే తో కురంద్ హై!" నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "కురుందం! కెంపు లేదా, యాకూత్, దాని సొంత తమ్ముడు. గీ సాన చక్రం దేంతోని చేసిందనుకున్నవ్? లక్క, కురుందం. మా తాత, వాళ్ళ తాత, అందరు హకీక్‌ను కోసింది గీ పొడితోనే. హకీక్ అందరి పొగరు దింపుతది, దాని పొగరు దింపేది గిదొక్కటే. నువ్వు దీన్ని తీస్కవోయి దాండ్లనే నూరినవా?"

ఆయన నా ముఖం చూసి మెత్తబడ్డాడు.

"పర్వా నై. మెరుగు వెడ్త. గానీ చూడు, అడుగున గుంట వడ్డది. గా గుంటల ఉన్న రాయి ఏడికి వోయింది? హవాల కలిసిందా?"

కలవలేదు. ఆ రాయి ఎక్కడికి పోయిందో నాకు అప్పుడే తెలిసిపోయింది. నేను తిప్పిన కొద్దీ, ఆయనకు న్యాయం చేయాలని మోచేయి నొప్పి పుట్టేలా తిప్పిన కొద్దీ, అకీకు అరిగి ఆ తెల్లపొడిలోకే వెళ్ళింది. అకీకూ ఇసుకా ఒకే ఇంటి పిల్లలని ఊరంతా చెప్పుకు తిరిగిన దాన్ని నేనే. మేడం పరీక్ష చేసే మిషన్‌కు ఇసుకేదో అకీకేదో ఎలా తెలుస్తుంది? సిలికా ఉందంది. నిజమే చెప్పింది.

ఉస్తాద్ చక్రం మోటారు వేయబోయాడు. ఆపాను.

"ఇయ్యాల వద్దు ఉస్తాద్‌జీ. నాకు ఇట్లనే గావాలె."

"గరగర ఉన్న కల్వం ఏం జేసుకుంటవ్?"

"ఇంకో మూడుసార్లు నూరేదున్నది."

ఆయన నన్ను ఒక క్షణం చూసి, తనే గుడ్డ మార్చి చుట్టి ఇచ్చాడు. పని చేయలేదు కదా అని చాయ్ డబ్బులు కూడా ఇవ్వనివ్వలేదు.

ఇంటికొచ్చాక భయం పట్టుకుంది, అది దాచను. పదకొండేళ్ళుగా నేను టెంపరరీ. నన్ను పర్మినెంట్ చేయమని రాసిన కాగితం ఆ నెలే మేడం బల్ల మీద ఉంది. రెండు రిపోర్టుల మీద ఉన్నది మేడం సంతకం. నా తప్పంటే ఆమె తప్పు కూడా. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కల్వానికి మెరుగు పెట్టిస్తే అద్దంలా అయిపోతుంది, అంతే. కానీ తన అరచేతులు తిప్పి చూసుకున్న ఆ మనిషి కళ్ళ ముందునుంచి కదల్లేదు.

సోమవారం దాచిపెట్టిన రవ్వలో మిగిలింది తీసి మూడు భాగాలు చేశాను. ఒకటి పది నిమిషాలు, ఒకటి అరగంట, ఒకటి గంటన్నర నూరాను. మూడు పొట్లాల మీద నెంబర్లు మాత్రం వేసి మేడంకు ఇచ్చాను. పెళ్ళి నుంచి వచ్చిన చెల్లె నన్ను చూసి, "ఏందక్కా, పది నిమిషాలకే లేచినవ్? పాణం మంచిగ లేదా?" అంది.

సాయంత్రం మేడం గదిలోంచి పిలిచింది.

"ఇవి మూడు వేరే వేరే లాట్లా? మొదటిది మంచిగున్నది. రెండోది గీత మీద ఉన్నది. మూడోది చానా ఎక్కువున్నది."

"ఒకటే లాట్ మేడం. ఒకటే పొట్లం."

"మరి?"

"నూరిన టైమే వేరు."

మేడం కాగితం వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్ళీ కాగితం వైపు చూసింది. తర్వాత పెన్ను కింద పెట్టి రెండు చేతుల్లో తల పట్టుకుంది.

"పుస్తకంల ఉన్నది. నేను చదివిన. పరీక్షల రాసి మార్కులు కూడా తెచ్చుకున్న. అల్యూమినా అకీకు కన్నా గట్టిది." తల ఎత్తింది. "నీకెవరు చెప్పిన్రు?"

"హుస్సేనీ ఆలంల ఒక ఉస్తాద్. గుడ్డ దులిపి చెప్పిండు."

"గుడ్డ దులిపి," అని మేడం మెల్లగా నవ్వింది. ఆ నవ్వులో సగం ఏడుపు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "తప్పు నాది. ఏంట్ల నూరాలెనో చెప్పాల్సింది నేను," అని, ఆ సాయంత్రమే తన చేత్తో కొత్త రిపోర్టు రాసింది. పాత రెండు రిపోర్టులు చెల్లవు, సిలికా మా కల్వం లోంచి వచ్చింది, సరుకులో కాదు, అని స్పష్టంగా రాసి సంతకం పెట్టింది. సంతకం పెట్టడానికి ఎంత గుండె కావాలో నేను ఎదురుగా నిలబడి చూశాను. ఇన్నేళ్ళలో నేను చూసిన అందమైన పనుల్లో అదొకటి.

చెల్లెకు విషయం తెలిసి, "అంటే నా బద్ధకమే కరెక్టన్నట్టు!" అని ఎగిరింది. రెండు నిమిషాల తర్వాత మేస్త్రీ గుర్తొచ్చి నోరు మూసుకుంది.

కొత్త రిపోర్టు కార్ఖానాకు వెళ్ళింది. కొన్నవాళ్ళు సరుకు తీసుకున్నారు. నేను జిరాక్స్ ఒకటి తీసుకుని స్వయంగా సేట్ దగ్గరికి వెళ్ళాను. ఆయన మంచిగానే మాట్లాడాడు.

"అయిపోయింది గదమ్మా. సరుకు వోయింది. నువ్వెందుకు పరేషాన్ అయితవ్?"

"మేస్త్రీని మళ్ళ విలుస్తరా?"

"విలుస్త. ఏడున్నడో ఎవరికెర్క? నేను అన్నది ఒక్క మాట. ఆయన ఎదురు కూడా మాట్లాడలే. నా చేతులకెళ్ళే అయ్యిండొచ్చు సేట్ అని, చెప్పులేసుకొని వోయిండు."

మేస్త్రీ అద్దెకు ఉన్న గది మా మాదన్నపేటలోనే, కూరగాయల మార్కెట్ వెనక. ఇన్నాళ్ళూ అంత దగ్గర ఉన్నాడని నాకు తెలియదు. గదికి తాళం వేసి ఉంది. ఇంటామె కొత్తిమీర కట్టలు కడుతూ చెప్పింది, పెళ్ళాం పిల్లలతో సామాన్లు కట్టుకుని వెళ్ళిపోయాడని, బట్టీలున్న ఊరికి పోతున్నానన్నాడని, ఊరి పేరు చెప్పలేదని. అతని ఫోన్ నెంబరుకు చేస్తే మోగేది కాదు. జిరాక్స్ ఆమెకు ఇచ్చి, అతను ఎప్పుడైనా ఫోన్ చేస్తే చదివి వినిపించమన్నాను. తనకు చదువు రాదంది. అయితే ఒకే మాట గుర్తుంచుకోమన్నాను, "తప్పు గిన్నెది, నీ చేతులది కాదు" అని. ఆమె రెండుసార్లు నా ముందే అప్పజెప్పింది. మరుసటి ఏడు ఆ ఇల్లు కూల్చి కొత్తది కట్టారు. ఆమె ఎటు వెళ్ళిందో కూడా ఎవరికీ తెలియలేదు.

నన్ను పర్మినెంట్ చేశారు. కల్వానికి ఉస్తాద్ మెరుగు పెట్టి ఇచ్చాడు, మళ్ళీ ట్యూబ్‌లైట్ కనబడింది. గట్టి రవ్వలకు వేరే కల్వం వచ్చింది. నేను రిటైరయ్యేదాకా కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ ఈ కథ చెప్పాను. అందరూ అల్యూమినా గురించి రాసుకునేవారు. మీరు అది రాసుకోకపోయినా ఫరవాలేదు. ఎదుటి మనిషి వచ్చి, మీ దగ్గర ఏమైనా కలిసిందేమో చూడమని అడిగినప్పుడు, ముందు మీ గిన్నె అడుగు ఒకసారి తడిమి చూసుకోండి. తర్వాత ఎంత ధీమాగా అయినా మాట్లాడండి.

అకీకు మీద నాకు ఇష్టం తగ్గలేదు. తనకన్నా గట్టిదాని ముందు అరగడం దాని తప్పు కాదు. అరిగినంత మేరకు పొడిలో కనబడి, నిజం చెప్పింది కూడా అదే. నాకు వినడం రాలేదు.

బట్టీలున్న ఊళ్ళు ఈ దేశంలో చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కడో ఒకచోట ఆయన పని చేసే ఉంటాడు, ముసలివాడై మానేసి కూడా ఉంటాడు. ఇంటామె ఆ మాట చేరవేసిందా? లేక, ఎన్నడూ ఒక్క పలుకు కలపని ఆ మనిషి, ప్రతి విడత మూసలు కాల్చే ముందూ తన చేతులను తనే అనుమానంగా చూసుకుంటూ ఇన్నేళ్ళు పని చేశాడా?